అద్దాల్లాంటి కోలలను గీకిన మధ్యాహ్నం

కరోనా వదిలిపోయిన రెండో ఏడాది. హిందూపురం పారిశ్రామికవాడలో మా షెడ్డు. షెడ్డు అంటే ఒక రేకుల కప్పు, రెండు లేతులు, ఒక బఫింగ్ మోటారు, ఒక మస్తాన్ భాయ్. మొదటి మూడూ అప్పుడప్పుడు చెడిపోతాయి. నాలుగోది చెడిపోదు, అలుగుతుంది.

అంతకు ముందు రెండేళ్లు అక్రిలిక్‌కు దేశంలో ఎన్నడూ లేని మర్యాద దక్కింది. బ్యాంకు కౌంటరు ముందు, మందుల షాపు ముందు, ఆఖరికి టీ బంకు ముందు కూడా ఒక పారదర్శకమైన అడ్డం. మాస్కులు విప్పినప్పుడు జనం వాటినీ విప్పేశారు. మేం మళ్లీ పాత పనికి వచ్చాం: ట్రోఫీల స్తంభాలు, సోఫా కాళ్లు, సొరుగుల గుబ్బలు, ఫ్యాక్టరీ యంత్రాల్లో నూనె ఎంతుందో చూసుకునే గాజుకళ్లు. నేను బి.ఎస్సీ. ఫిజిక్స్. ఆ సంగతి షెడ్డులో ఎవరూ నాకు వ్యతిరేకంగా వాడుకోలేదు, ఈ ఒక్క కేసులో తప్ప.

ఈ పని గురించి తెలియనివాళ్ల కోసం రెండు మాటలు. అక్రిలిక్ అంటే గాజులా కనబడే ప్లాస్టిక్. దాని కడ్డీని లేతుకు బిగించి, తిరుగుతుండగా ఉలి తాకిస్తే తెల్లటి సేమ్యాలా పోగులు ఊడి వస్తాయి. దీన్ని టర్నింగ్ అంటాం. అప్పటికి ముక్క ఫ్రిజ్‌లోంచి తీసిన సీసాలా మసకగా, ఒంటినిండా చారలతో ఉంటుంది. తర్వాత శాండింగ్: నీళ్లలో తడిపిన వాటర్ పేపర్‌తో రుద్దడం. పేపర్‌కు గ్రిట్ అని ఒక నంబరుంటుంది. నంబరు పెరిగేకొద్దీ గరుకు తగ్గుతుంది. ముందు పేపరు పెట్టిన గీతలను చెరిపేసి, వాటి స్థానంలో తన గీతలు పెట్టడమే ప్రతి పేపరూ చేసే పని. ప్రభుత్వాలు మారినప్పుడు జరిగేదీ సుమారుగా ఇదే. అలా నాలుగు వందల నంబరు, ఆరు వందలు, వెయ్యి, రెండు వేలు దాకా వెళ్లి, చివర బఫింగ్ అంటే గుడ్డ చక్రానికి పాలిష్ మైనం రాసి పట్టిస్తే, ముక్క ఉందా లేదా అన్నంత తేటగా వస్తుంది. తొందరపడి గట్టిగా అదిమితే వేడెక్కి మసకబారుతుంది. మళ్లీ మొదటి పేపరే గతి.

ఈ ఆఖరి మెరుగు మస్తాన్ భాయ్ ప్రాణం. పూర్తయిన ముక్కను వెలుతురుకెత్తి, ఒక కన్ను మూసి చూసి, "ఊఁ" అంటాడు. ఆ "ఊఁ" రానిదే ముక్క షెడ్డు దాటదు. నేను యజమానిని, జీతం ఇచ్చేది నేనే, అయినా దాటదు.

అలాంటి షెడ్డుకు ఒక పొద్దున లక్ష్మీదేవి వచ్చింది. ఎర్రమంచి దగ్గర ఒక ఫ్యాక్టరీ క్యాంటీన్‌లో పని. ఆ ఫ్యాక్టరీకి మేం గాజుకళ్లు వేస్తాం కనుక ముఖపరిచయం. ఊరు పెనుకొండకు ఆ పక్క పల్లె. చేతిసంచిలోంచి రంగు రంగుల లైటు కోలలు రెండు తీసి బల్ల మీద పెట్టింది. జాతరల్లో పిల్లలకు అమ్మే రకం.

"వీటి మాదిరే వెలగల్లన్నా. కానీ ఇవి కాకూడదు."

మా దగ్గరికొచ్చే ఆర్డర్లలో ఇది స్పష్టమైన వాటి కిందే లెక్క. కూర్చోమని వివరం అడిగాను.

వాళ్ల ఊళ్లో ఎనిమిది మంది ఆడవాళ్ల కోలాటం జట్టు ఉంది. జట్టును తయారుచేసింది లక్ష్మీదేవి అత్త, అంజినవ్వ. ఇద్దరేసి ఎదురెదురుగా నిలబడి, పాడుతూ, తిరుగుతూ, ఒకరి కోలను ఒకరి కోలతో కొట్టడం కోలాటం. అవ్వకు సందె వాలితే చూపు ఆనడం మానేసింది. కళ్ల డాక్టరు అద్దాలతో పోయేది కాదన్నాడు. కొత్తచెరువులో ఒక పెళ్లిలో, చీకటిపడ్డాక ఆడుతుంటే, అవ్వ కోల ఎదురుగా ఉన్న సుంకమ్మ కోలకు బదులు సుంకమ్మ వేళ్లకు తగిలింది.

"వేళ్లు బజ్జీల మాదిరి ఉబ్బినాయన్నా. సంగటి కెలకలేక సుంకమ్మ మొగుడు కెలికినాడంట. ఆ సంగటి తిన్నాక ఆయమ్మకు కోపం ఇంకా ఎక్కువైంది."

జట్టు కూడి, అవ్వ ఇక పక్కన కూర్చుని తాళాలు వాయిస్తే చాలని తీర్మానించింది. అవ్వ ఏమంది అని అడిగాను.

"కూచోని తాళాలు కొట్టేదానికి నా కాళ్లకేమొచ్చింది, అనింది. ఆ పొద్దు నుంచీ ఇంట్లో పాట లేదు. నాతో మాట్లాడుతుంది, పిల్లోళ్లతో మాట్లాడుతుంది. పాడదు. ఇల్లు ఇల్లు మాదిరే లేదన్నా."

ధర్మవరంలో రథోత్సవం సాయంత్రం ఆడమని జట్టుకు పిలుపొచ్చింది. ఎదుటి కోల కనబడితే అవ్వ దెబ్బ తప్పదు. కనుక అందరి కోలలూ వెలగాలి, అడుగు నుంచి కొన దాకా. సుంకమ్మ కూడా షరతు మీద ఒప్పుకుంది: వెలిగే కోలలుంటేనే అవ్వకు ఎదురుగా నిలబడతాను, లేకుంటే ఆమె తాళాలు, మేం కోలలు.

"మరి ఇవి ఏం తప్పు చేశాయి?" అని జాతర కోలలు చూపించాను.

లక్ష్మీదేవి రెండిటినీ ఒకదానితో ఒకటి కొట్టింది. ఖాళీ డబ్బా పలికినట్టు పలికాయి. "అత్త ఒక్కసారి కొట్టి చూసి, పెంటకుప్ప మీదికి ఇసిరేసింది. నేను ఏరుకొచ్చినా. కోల పలకల్లంట. లోపల డొల్లుంటే పలకదంట."

అదే సమయానికి మస్తాన్ భాయ్ లేతు మీద ఒక ట్రోఫీ స్తంభం ఉంది. లోపల డొల్ల లేని, నిండు కడ్డీ. శాండింగ్ నాలుగు వందల నంబరు దగ్గరుంది. అంటే ఇంకా మసకగా, పాలు పోసినట్టు. దాన్ని విప్పించి, లక్ష్మీదేవి ఫోన్ టార్చి వెలిగించి అడుగున పెట్టి, షట్టరు కిందికి లాగాం.

కడ్డీ మొత్తం తెల్లగా వెలిగింది, చిన్న ట్యూబులైటు మాదిరి. దానితో బల్ల అంచుమీద కొడితే టంగుమని పలికింది. లక్ష్మీదేవి చేతులు రెండూ నోటికడ్డం పెట్టుకుంది. నేను నా డిగ్రీకి తగ్గట్టు గంభీరంగా నిలబడ్డాను.

ఆ ముక్కనే కోల కొలతకు కోసి, అడుగున బొరియ వేసి, చిన్న లైటు, గుండీ బ్యాటరీ పెట్టి, మర మూత బిగించి శాంపిల్‌గా ఇచ్చి పంపాం. మిగతా కోలలు రథోత్సవానికి ముందురోజు వాళ్ల ఊరికే తెచ్చిస్తామన్నాను. షట్టరు దగ్గర ఆమె వెనక్కి తిరిగి ఒక మాటంది: "బాగా నున్నగా చెయ్యండన్నా. అత్త చేతులు మెత్తన."

ఆ మాట మస్తాన్ భాయ్ చెవినబడింది. మిగతాదంతా దాని ఫలితమే.

ఆ కోలల మీద మేం పెట్టిన శ్రద్ధ ఏ ట్రోఫీ మీదా పెట్టలేదు. పిడి దగ్గర గాజుల వరసలాంటి చుట్లు తిప్పాం. టర్నింగ్‌లో లోపల మిగిలే బిగువు పోవడానికి ఓవెన్‌లో నులివెచ్చగా పెట్టి నెమ్మదిగా చల్లార్చాం. దీన్ని ఆనీలింగ్ అంటారు. ఇది చేయకపోతే దెబ్బకు పగుళ్లు వస్తాయి. తర్వాత ఒక్క పేపరూ వదలకుండా, రెండు వేల నంబరు దాకా వెళ్లాడు మస్తాన్ భాయ్. ఆపైన బఫింగ్. కోలను న్యూస్‌పేపర్ మీద పెడితే కింది అక్షరాలు చదవొచ్చు. లైటు వేసి చూశాం. పట్టపగలు, రేకుల సందుల్లోంచి ఎండ. కొన మీద ఒక చుక్క మిలమిలా మెరిసింది.

"కొనన చుక్క పొడిచినట్టుండాది సార్" అన్నాడు మస్తాన్ భాయ్ మురిసిపోయి.

కొనన మాత్రమే ఎందుకు పొడిచిందన్న ప్రశ్న ఫిజిక్స్ చదివినవాడికి రావాలి. రాలేదు. నేనూ మురిసిపోతూ ఉన్నాను.

ముందురోజు మధ్యాహ్నం కోలలను పాత దుప్పట్లో చుట్టుకుని బండి మీద బయల్దేరాం. మస్తాన్ భాయ్ వెనక కూర్చుని, ఆ మూటను పెళ్లికూతురిలా ఒళ్లో పెట్టుకున్నాడు. గుంత వచ్చినప్పుడల్లా నన్ను తిట్టాడు, గుంతను కాదు.

జట్టు సాధన శనక్కాయల గోడౌన్‌లో. పంట అమ్ముడుపోయి ఖాళీగా ఉంది. తలుపులు మూసి, కిటికీలకు గోనెసంచులు కట్టి, పగలే చీకటి చేసుకున్నారు. అవ్వ మధ్యలో నిలబడి ఉంది. పొట్టి మనిషి, కొంగు నడుముకు దోపుకుని, శాంపిల్ కోల చంకలో. సుంకమ్మ కొంచెం దూరంగా, చేతులు వెనక్కి దాచుకుని.

దుప్పటి విప్పగానే ఆడవాళ్లందరూ "అబ్బా!" అన్నారు. కోలలను చెంపలకు ఆనించుకున్నారు. ఒకామె వాటిలో బొట్టు సరిచేసుకుంది. మస్తాన్ భాయ్ ఎవరివైపూ చూడకుండా పైకప్పు చూశాడు. పొగడ్త పడనివాళ్లు అలాగే చూస్తారు, పడేవాళ్లూ అలాగే చూస్తారు.

తలుపు మూశారు. లైట్లు వేశారు.

చీకట్లో వరసగా చుక్కలు కనబడ్డాయి. చుక్కలు మాత్రమే. కోలలు లేవు. వాటి మధ్య అవ్వ చేతిలోని పాత శాంపిల్ ఒక్కటి అడుగు నుంచి కొన దాకా తెల్లగా వెలుగుతోంది.

అప్పుడు అవ్వ గొంతు వినబడింది.

"ఏం నాయనా, కొత్తవన్నీ గుడ్డివైనాయి? ఈ ముసల్ది ఒకటే చూస్తాండాది!"

గోడౌన్ అంతా నవ్వు. సుంకమ్మ నవ్వలేదు. "నవ్వేదేముండాది? చుక్క కనపడితే చాలునా? కోల యాడుందో ఆయమ్మకు ఎట్ల తెలుస్తాది? నేను నిలబడను, ముందే చెప్తాండా."

తలుపు తీశారు. వెలుతురులో అవ్వ మొహం చూశాను. నవ్వు ఇంకా పెదాల మీదే ఉంది, కానీ చేయి శాంపిల్ కోలను గట్టిగా పట్టుకుంది. "పోనీలే లక్ష్మీ" అంది. "తాళాలు ఇంట్లోనే ఉండాయి కదా, తీసుకురా."

లక్ష్మీదేవి కదల్లేదు. నావైపు చూసింది. నా బుర్రలో అప్పుడు, చాలా ఏళ్ల ఆలస్యంగా, డిగ్రీ రెండో ఏడాది ఆప్టిక్స్ పాఠం వెలిగింది. అద్దంలా నునుపైన కడ్డీలోకి పంపిన వెలుతురు పక్కలకు బయటపడదు. లోపలి గోడలకు తగిలి తగిలి, వెనక్కి తిరుగుతూ, నేరుగా కొనకు పోయి అక్కడ దిగుతుంది. పక్కనుంచి బయటికి రావాలంటే గోడకు గరుకుండాలి, గీత ఉండాలి. శాంపిల్ వెలిగింది మేం పని పూర్తి చేయనందుకు. ఇవి వెలగనిది మేం పూర్తి చేసినందుకు.

ఈ విషయం మస్తాన్ భాయ్‌కు చెప్పాలి. నా వృత్తిజీవితంలో అంత కష్టమైన సంభాషణ లేదు.

"భాయ్, ఇవి గీకాల."

"ఏవి?"

"ఇవన్నీ. నాలుగు వందల నంబరుతో."

ఆయన కోలల వైపు చూశాడు. నావైపు చూశాడు. "సార్, మీకు ఎండదెబ్బ ఏమన్నా తగిలిందా?"

కారణం వివరించాను. ఆయన సాంతం విని, ఒక కోల ఎత్తి, ఒక కన్ను మూసి చూసి, "ఊఁ" అన్నాడు. ఇది వేరే "ఊఁ". "బిడ్డకు తలంటి, బొట్టు పెట్టి, బడికి తోలే ముందర బురదలో దొర్లించమంటారు. సరే, దొర్లిద్దాం."

బండి డిక్కీలో వాటర్ పేపర్ కట్ట ఎప్పుడూ ఉంటుంది. డాక్టరు దగ్గర స్టెతస్కోపు ఉన్నట్టు. లైట్లు, బ్యాటరీలు విప్పి ఒక పళ్లెంలో పోశాం. గోడౌన్ ముందర నీడలో బేసిన్లు, బకెట్లు వచ్చాయి. ఇద్దరం గీకితే మరుసటి సాయంత్రానికి కావు. కనుక జట్టంతా కూర్చుంది. నేను పేపరు చింపి పంచుతూ ఎలా రుద్దాలో చెప్పబోయాను: నీళ్లలో ముంచి, కోల చుట్టూ చుట్టి, ఒకే ఒత్తుతో...

"ఏమప్పా" అంది ఒకామె, "గిన్నెలు తోమేది మాకు నేర్పిస్తాండావా?"

నేను పేపర్లు మాత్రం పంచాను.

మొదటి గీత పెట్టాల్సింది ఎవరన్నది ప్రశ్న. ఎవరికీ చేయి రాలేదు. అంత అందంగా ఉన్నాయవి. చివరికి అవ్వ ఒక కోల లాక్కుని, పేపరు చుట్టి, సర్రుమని రుద్దింది. మస్తాన్ భాయ్ మొహం పక్కకు తిప్పుకున్నాడు. తర్వాత అందరూ మొదలుపెట్టారు. సర్రు సర్రుమని చప్పుడు, తెల్లటి పాలలాంటి నీళ్లు మోచేతుల దాకా. రుద్దుతూ రుద్దుతూ చేతులు ఒక లయలో పడ్డాయి. ఆ లయలో ఎవరో కూనిరాగం తీశారు. ఎవరా అని చూస్తే అవ్వ. లక్ష్మీదేవి పేపరు ఆపి ఆమెవైపు చూసింది. మళ్లీ తల వంచుకుని రుద్దింది, కొంచెం ఎక్కువ గట్టిగా.

కాసేపటికి జట్టంతా ఎత్తుకుంది. సుంకమ్మ కూడా. పాడుతూనే ఆమె మధ్యలో మస్తాన్ భాయ్‌ని చూసి, "ఏమన్నా, ఎవరన్నా పోయినట్టు కూచున్నావు?" అంది.

"పోలేదమ్మా, మీరే చంపుతాండారు" అన్నాడాయన.

అందరూ పడీ పడీ నవ్వారు. ఆయనా నవ్వక తప్పలేదు. తర్వాత జేబులోంచి ఎలక్ట్రికల్ పనివాళ్లు వాడే నల్ల టేపు తీశాడు. తన వాటా కోలలకు మూడు నాలుగు చోట్ల ఉంగరాల్లా టేపు చుట్టి, మిగతా చోట గీకి, టేపు ఊడదీశాడు. టేపు కింద అద్దం అలాగే మిగిలింది. మసక కోల మీద తేట ఉంగరాలు. ఇంకా గీకని చోట్లు చూసి అందరి కోలలకూ అలాగే చుట్టిచ్చాడు. పని చెడగొట్టక తప్పదన్నప్పుడు కూడా తన మర్యాద తాను అంతమేరకు కాపాడుకున్నాడు. చేతికి చెమట పడితే నున్నటి పిడి జారుతుందని పిడి మాత్రం పూర్తిగా గీకించింది అవ్వ. "నున్నగా ఉండల్ల అనింది నువ్వే కదమ్మే" అని కోడలిని ఒక పోటు పొడిచింది కూడా.

ఎండ పసుపు తిరిగే వేళకు లైట్లు బిగించి, తలుపు మూసి చూశాం. చీకట్లో కోలలన్నీ నిలువునా వెలిగాయి, నడుముకు ఉంగరాలతో. సుంకమ్మ తన కోలను ఎత్తి పట్టుకుని నిలబడింది. అవ్వ ఎదురుగా వెళ్లి, ఒక్క క్షణం చూసి, కొట్టింది. టంగుమంది. మళ్లీ కొట్టింది. ఈసారి తిరుగుతూ, వెనకనుంచి, భుజం మీదుగా. టంగు.

"ఇంగా రెండు కొట్టు" అంది సుంకమ్మ. గొంతులో షరతు లేదు.

ధర్మవరంలో మరుసటి సాయంత్రం రథం వీధికి మేమిద్దరమూ వెళ్లాం. షెడ్డు మూసి. పట్టుచీరల షాపుల ముందు జనం కిక్కిరిసి ఉన్నారు. వీధికి అడ్డంగా పెద్ద పెద్ద ఫోకస్ లైట్లు కట్టారు. వాటి కింద మా కోలలు వెలుగుతున్నదీ లేనిదీ తెలియడం లేదు. లక్ష్మీదేవి లైట్లతని దగ్గరికి వెళ్లి కాసేపు ఆర్పమంది.

"ఆర్పితే జనం నన్ను కొడతారమ్మా."

"ఆర్పకపోతే సుంకమ్మ కొడ్తాది. చూసుకో."

సుంకమ్మ ఎవరో అతనికి తెలియదు. అయినా ఆర్పాడు. పేరులోనే ఏదో ఉన్నట్టుంది.

జనం మొదట గోల చేశారు, తర్వాత గోల ఆపేశారు. సందె మసకలో ఎనిమిది మంది మనుషులు దాదాపు కనబడలేదు. వెలుగు కోలలు మాత్రం గాలిలో కలుస్తూ, విడిపోతూ, గుండ్రంగా తిరిగాయి. వాటి మధ్యనుంచి ఒక ముసలి గొంతు, వయసుకు తగని జోరుతో. ఏ కోల ఎవరిదో నాకు తెలియలేదు. తెలియాల్సిన అవసరం కూడా లేకపోయింది. ఒక్క టంగు కూడా తప్పలేదు. మస్తాన్ భాయ్ నా పక్కన నిలబడి, ఉంగరాలు చూస్తూ, తన మొదటి రకం "ఊఁ" అన్నాడు.

ఆట అయ్యాక సుంకమ్మ జనాన్ని తోసుకుంటూ వచ్చి రెండు చేతులూ నా మొహం ముందు చాపింది. "చూడప్పా. పదీ ఉండాయి."

వెనకే అవ్వ, చెమటతో, కొంగుతో మొహం తుడుచుకుంటూ. నన్ను పై నుంచి కిందికి చూసి అంది: "నీ పని బాగా చెడగొట్టుకున్నావు నాయనా. సల్లగుండు."

ఇన్నేళ్ల పనిలో నాకు వచ్చిన యోగ్యతాపత్రాల్లో అదే పెద్దది.

ఈ కేసు నాకు ఏం నేర్పిందని ఎవరైనా అడిగితే, పాలిష్ మానేయమని కాదు. ట్రోఫీలు ఇప్పటికీ రెండు వేల నంబరు దాకా వెళ్తాయి. ట్రోఫీ పని ఊరికే నిలబడి మెరవడం. కానీ ఏ ముక్కకైనా పేపరు పట్టే ముందు ఇప్పుడు అడుగుతున్నాం: ఇది ఏం పని చేయాలి? ఆ పని ఏ నంబరు దగ్గర మొదలవుతుందో అక్కడ ఆగిపోవాలి. ఆపైన పెట్టే నునుపు మన సరదా కోసం. మన సరదాకు పాపం అవతలి మనిషి కోల ఆరిపోకూడదు.

ఈమధ్య అవ్వ కోడలితో కలిసి షెడ్డుకు వచ్చింది, ఒక మర మూత పోయిందని. కోలలను బల్ల మీద పరిచింది. ఒంటినిండా దెబ్బలు, నొక్కులు, గాట్లు. షట్టరు దించి లైటు వేస్తే, దెబ్బ పడిన చోటల్లా ఇంకా ఎక్కువ వెలుగు. గాటు ఎంత లోతైతే వెలుతురు అంతగా బయటికి వస్తుంది. దీన్ని తత్వం చేసే ఉద్దేశం నాకు లేదు. ఇది ఆప్టిక్స్.

మస్తాన్ భాయ్ మాత్రం ఆ గాట్లను చూసి తట్టుకోలేకపోయాడు. మూత బిగిస్తూ, చేయి పాలిష్ చక్రం వైపు పోతుండగా, "అవ్వా, రవ్వంత బఫింగ్ పట్టిస్తా, ఉంగరాల కాడ మాత్రమే" అన్నాడు.

అవ్వ కోలను చటుక్కున లాక్కుని పైకెత్తింది.

"ముట్టుకో చూద్దాం. నా కోలకు సుంకమ్మ వేళ్లు చీకట్లో తగిలినాయి. నీవి పట్టపగలే తగుల్తాయి."

ఆయన రెండు చేతులూ జేబుల్లో పెట్టుకున్నాడు.